తెల్లగా ఉన్న బొక్క

కిందటి వారం మాట ఇచ్చిన ప్రకారం, మట్టి తినే పిల్లల గురించి ఈ వారం రాయాలి. దానికోసం ఎదురుచూస్తున్న తల్లులు నన్ను మన్నించాలి. మొన్న గురువారం పొద్దున మా బౌరంపేటలో జరిగిన సంగతి ఒకటి మరోదాని మీదికి మనసు పోనివ్వడం లేదు.

కాఫీ తాగి పేపరు విప్పానో లేదో, పక్కవీధి ముసలమ్మ గేటు తోసుకొని వచ్చింది. చేతిలో ఆస్పత్రివాళ్ళిచ్చే పెద్ద కవరు. వెనకాల మనవడు, చంకకర్రల మీద టకటకమంటూ.

"సారూ, ఆగమైపోయింది. పోరని బొక్క పలిగిపోయింది. ఆర్నెల్ల కింద మంచిగ తెల్లగుండె. గిప్పుడు చూడుండ్రి, ముక్కలు ముక్కలైంది. ఆపరేషన్ చెయ్యాలంటుండ్రు. నేనైతే వద్దంటున్న!"

కోస్తా జిల్లాల పాఠకులు నవ్వకూడదు. తెలంగాణలో బొక్క అంటే ఎముక. ఎముకల వైద్యుణ్ణి ఇక్కడ బొక్కల డాక్టరంటారు. నేను బొక్కల డాక్టరును కాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చీకటిగదిలో కూర్చుని ఎక్స్‌రే ఫిల్ములు చదివినవాణ్ణి. ఆ సంగతి వీధిలో ఎలా పొక్కిందో పొక్కింది. ఇప్పుడు మా వరండా కిటికీ అద్దమే ఈ చుట్టుపక్కల వారికి ఫిల్ములు చూసుకునే బల్ల.

ముసలమ్మ భయానికి జవాబు చెప్పాలంటే కథ మొదటినుంచి చెప్పాలి.

నిరుడు బోనాలు అయిన వారానికి గండిమైసమ్మ చౌరస్తాలో కూరగాయలు కొంటున్నాను. ముందు ఒక కుర్రాడు నడుస్తున్నాడు. ఏడున్నర ఏళ్ళుంటాయి. ఎడమకాలు నేల మీద ఆనినప్పుడల్లా ఒళ్ళంతా ఆ పక్కకు ఒరిగిపోతున్నది. పక్కన ఈ ముసలమ్మే ఉంది. ఏమైందమ్మా అని అడిగాను. ఉగాదినుంచి అలాగే నడుస్తున్నాడన్నది. మోకాలు నొస్తుందంటాడు, ఆడుతుంటే మరిచిపోతాడు, సాయంకాలానికి మళ్ళీ కుంటు. మోకాలికి ఫోటో తీయించారు, ఏమీ లేదన్నారు. ఎదిగే పిల్లల నొప్పులన్నారు ఒకచోట. ఇంకోచోట కట్టు కట్టారు. ఆముదం పెట్టి తోమడం ఇంట్లో ఎలాగూ జరుగుతున్నది. నాలుగు నెలలు ఇలా గడిచిపోయాయి.

ఇంటికి తీసుకు రమ్మన్నాను. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచాను, హాయిగా వంగింది. కాళ్ళు రెండూ ఎడంగా జరిపాను. కుడికాలు ఎంత పోవాలో అంత పోయింది. ఎడమకాలు సగంలోనే ఆగింది. మోకాలు వంచి పాదాన్ని బయటికి తిప్పితే తుంటిలో తొడ లోపలికి దొర్లాలి. కుడివైపు దొర్లింది, ఎడమవైపు అసలు కదలలేదు, వాడు పళ్ళు బిగబట్టాడు. ఎడమ తొడ కుడి తొడకన్నా సన్నగా ఉంది. జబ్బు మోకాల్లో లేదు, తుంటిలో ఉంది. తుంటి కీలుకూ మోకాలికీ కబురు తీసుకుపోయే నరం ఒకటే. తుంటిలో నిప్పు పెడితే పొగ మోకాలి దగ్గర లేస్తుంది. అందువల్ల పిల్లవాడు మోకాలు చూపిస్తాడు, అమ్మ మోకాలు చూపిస్తుంది, డాక్టరు మోకాలికి ఫోటో రాస్తాడు.

డాక్టర్లను ఆడిపోసుకోవడానికి ఈ మాట రాయడం లేదు. నేనూ అలాంటి పని చేసినవాణ్ణే. ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఎనిమిదేళ్ళ పిల్ల మోకాలి ఫిల్ము ఒకటి నా ముందుకు వచ్చింది. చీటీలో మోకాలునొప్పి అని ఉంది. మోకాలు చూశాను. నిక్షేపంగా ఉంది. "లోపమేమీ లేదు" అని రాసి సంతకం పెట్టాను. పిల్ల నడిచి వచ్చిందా, కుంటుతూ వచ్చిందా అని అడగలేదు. ఆనాడు బల్ల మీద ఇంకా అరవై ఫిల్ములున్నాయి. ఏడాదిన్నర పోయాక అదే పిల్ల తుంటి ఫిల్ము వచ్చింది. బంతిలా ఉండవలసిన ఎముక తల పుట్టగొడుగు గొడుగులా పరుచుకుపోయి ఉంది. కవరు దులిపితే నా సంతకం ఉన్న పాత కాగితం కింద పడింది. నేను రాసిన దాంట్లో అబద్ధం లేదు. కాని ఆ కాగితం చూపించే వాళ్ళు ఏడాదిన్నరపాటు ధైర్యంగా ఉన్నారు. ఆ పిల్లకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి.

సరే, బౌరంపేట కుర్రాడి దగ్గరకు వద్దాం. రెండు తుంట్లూ ఒకే ఫిల్ము మీద పడేలా ఒకటీ, కప్పలాగ కాళ్ళు వంచి వెడల్పు చేసి ఇంకొకటీ తీయించమని చీటీ రాసిచ్చాను. మర్నాడు ముసలమ్మ ఫిల్ములు తెచ్చి తానే కిటికీకి ఆనించి చూసింది. చూసి, నన్ను నిలదీసింది.

"కుంటేది ఎడమకాలు గద సారూ. గీ ఫోటోల ఎడమ దిక్కు బొక్కనే తెల్లగ, గట్టిగ కనవడ్తుంది. కుడిది మబ్బుగున్నది. కాలు మార్చి తీసిండ్రా ఏంది?"

నేను ఆశ్చర్యపోయాను. ఫిల్ములో కుడియెడమలు అద్దంలో లాగా కాక ఎదురు మనిషిలా ఉంటాయి; మూలన సీసపు అక్షరం చూసి పోల్చుకోవాలి. ఆమె మనవణ్ణి ఎదురుగా నిలబెట్టుకొని సరిగ్గానే పోల్చింది. పైగా చూడవలసినదాన్నే చూసింది. ఎడమ తొడ ఎముక తల నిజంగానే కుడిదానికన్నా తెల్లగా ఉంది. కాస్త చిన్నదిగా, కాస్త చదునుగా కూడా ఉంది. కీలులో సందు ఎడమవైపు వెడల్పుగా ఉంది. తప్పల్లా ఒకటే: తెలుపంటే గట్టిదనం అనుకున్నది. ఆ తెల్లదనం ప్రాణం పోయిన ఎముకది.

దీన్ని పెర్తెస్ జబ్బు అంటారు. ఎక్కువగా నాలుగేళ్ళనుంచి ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు వస్తుంది. ఆడపిల్లలకన్నా మగపిల్లలకు నాలుగైదింతలు. పదిమందిలో తొమ్మిదిమందికి దగ్గరగా ఒక పక్కే వస్తుంది. తొడ ఎముక పైకొసన బంతిలాంటి తల ఉంది కదా, దానికి నెత్తురు చేరే దారి బహు ఇరుకు. ఎముక మెడను అంటిపెట్టుకొని, గోడకు పాకిన తీగల్లాగ, సన్నని రక్తనాళాలు పైకి పోతాయి. ఈ వయసులో కిందనుంచి ఎముకలోగుండా నెత్తురు పోదామన్నా, మధ్యలో పెరుగుదల పలక గట్టులాగ అడ్డం ఉంటుంది. మా ఊళ్ళో కొత్తగా లేచిన కాలనీలను చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. గుట్టమీది ఇళ్ళకు ఒకే గొట్టం. అది తెగితే ఇక అంతే. కాలనీకైతే ట్యాంకరు వస్తుంది. ఎముకకు రాదు. ఆ నెత్తురు ఎందుకు ఆగుతుందో ఇంతవరకు ఎవరూ ఇదమిత్థమని చెప్పలేకపోయారు. పిల్లవాడు చెట్టెక్కాడనో, ఆముదం సరిగ్గా రాయలేదనో, కోడలు పాలు తొందరగా మాన్పించిందనో మాత్రం కాదు. మూడో మాట ముసలమ్మకు గట్టిగా చెప్పాను. ఆ ఇంట్లో కోడలు నాలుగు నెలలుగా పడుతున్న మాటలు నాకు తెలుసు.

ఇక తెలుపు సంగతి. ఎక్స్‌రే సున్నాన్ని చూస్తుంది, ప్రాణాన్ని చూడలేదు. ఎముకకు నెత్తురాగిన నాడు అందులో సున్నం ఎక్కడికీ పోదు. అందుచేత మొదటి వారాల్లో ఫిల్ము తీస్తే తుంటి కూడా మామూలుగానే కనబడవచ్చు. (ఎమ్మారై అలా కాదు, లోపలి మజ్జలోని మార్పును అది ముందుగా పట్టుకుంటుంది.) తరవాత కుంటే కాలికి పని తగ్గి చుట్టుపక్కల బతికున్న ఎముక పలచబడుతుంది. చచ్చిన ముక్కకు నెత్తురు లేదు కనక అది పలచబడనూ లేదు. పక్కవాళ్ళు మాసిపోతే తాను తెల్లగా కనబడుతుంది. కొన్నాళ్ళకు బరువుకు నలిగి దట్టమవుతుంది, ఇంకా తెల్లబడుతుంది. లోపలి ఎముక ఎదగడం మానేసినా పైనున్న మృదులాస్థి, అంటే చెవి డొప్పలో ఉండేలాంటి మెత్తని పదార్థం, ఎదుగుతూనే ఉంటుంది. అది ఫిల్ములో కనబడదు. అందుకే కీలు సందు వెడల్పయినట్టుంటుంది.

ఈ కనబడకపోవడం ఒక పెద్ద చిక్కు. పిల్లల ఎముకలో సగం ఎక్స్‌రేకు అందదు. అప్పుడే పుట్టిన బిడ్డకు తుంటి ఫోటో తీస్తే ఆ బంతి ఉన్నచోట ఏమీ ఉండదు. నాలుగు నుంచి ఆరు నెలలకు చుక్కలా పొడుస్తుంది. పెరుగుదల పలక నల్లని గీతలా పడుతుంది. దాన్ని చూసి ఎముక విరిగిందని ఏడ్చిన తల్లులను ఎందరినో చూశాను. అందుకే రెండు పక్కలూ ఒకే ఫిల్ము మీద తీయమనేది. పిల్లవాడికి వాడి రెండోకాలే కొలబద్ద. అయితే రెండు తుంట్లూ సరిసమానంగా చెడి ఉన్నట్టు కనబడితే పెర్తెస్ అని తొందరపడి పేరు పెట్టకూడదు. థైరాయిడు తక్కువైనా, ఎముకల కొసలు పుట్టుకతోనే వంకరగా ఎదిగే వంశపు జబ్బు ఉన్నా అలాగే ఉండవచ్చు. ఆదిలాబాదు, భద్రాచలం వైపు గిరిజన కుటుంబాల పిల్లలైతే సికిల్ సెల్ పరీక్ష మరవకూడదు. ఆ జబ్బులో నెత్తుటి కణాలు కొడవలిలా వంగి నాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముక తల అలాగే చస్తుంది. ఆ వ్యాధిని నిర్మూలించడానికి దేశవ్యాప్త కార్యక్రమం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలయింది.

రాంట్‌గెన్ 1895 నవంబరులో ఈ కిరణాలు కనిపెట్టకముందు, పిల్లవాడు నెలల తరబడి కుంటితే ప్రపంచమంతా ఒకటే మాట అనేది: కీలుకు క్షయ. పిల్లలను ఏళ్ళ తరబడి మంచానికి కట్టేసేవారు. ఫిల్ములు వచ్చాక అమెరికాలో లెగ్, ఫ్రాన్సులో కాల్వే, జర్మనీలో పెర్తెస్ 1910లో ఎవరికి వారుగా ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని తేల్చారు. అంతకు ఏడాది ముందు స్వీడనులో వాల్డెన్‌స్ట్రామ్ ఇవే ఫిల్ములను చూశాడు. కాని ఆయన కూడా క్షయ అనే అనుకున్నాడు. ఉన్నది కనబడటం వేరు, కనబడ్డదానికి సరైన అర్థం చెప్పటం వేరు. మా ముసలమ్మకు వాల్డెన్‌స్ట్రామ్‌తో పోలిక పెట్టినా తప్పు లేదు.

అసలు తెలుపంటే బలమని ఆమె అనుకోవడం నాకు మరీ ఎందుకు తోచిందంటే, ఆమె పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఆమె నడుం తిప్పదు. పిలిస్తే మనిషంతా తిరుగుతుంది. ఆ నీళ్ళలోని ఫ్లోరైడు తాగి పెరిగినవారి వెన్నెముక ఎక్స్‌రే తీస్తే సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. కట్టుబిగువైన నరాల పట్టీల్లోకి కూడా సున్నం ఎక్కుతుంది. అంత తెల్లని ఎముకలున్న మనిషి వంగి చెంబు తీసుకోలేదు. మన తెలుగునేల మీద ఈ జబ్బు 1937లోనే నెల్లూరు జిల్లాలో బయటపడింది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఇంకో సంగతి రాశారు: ఫ్లోరైడు ప్రాంతంలో ఎదిగే వయసువారికి మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయని, ఎముకలు పలచబడుతున్నాయని. పెద్దలకు తెలుపెక్కువై బాధ, పిల్లలకు తెలుపు తక్కువై బాధ, తాగినవి ఆ నీళ్ళే. ఫిల్ము రంగు చూసి ఎముక మంచిచెడ్డలు చెప్పడం ముఖం రంగు చూసి మనిషి గుణం చెప్పడం లాంటిది.

పెద్దవాళ్ళకు కూడా ఒక్క మాట. 2021, 2022లలో కొవిడ్ తర్వాత గజ్జల్లో నొప్పితో వచ్చినవారిలో కొందరికి తుంటి ఎముక తల నెత్తురందక చచ్చిపోయి కనబడింది. ఆ రోగానికి ప్రాణం నిలబెట్టడానికి వాడిన స్టీరాయిడ్లు ఒక కారణం. సారాయి మరో పాత కారణం. వారిలోనూ మొదటి ఎక్స్‌రే బాగానే ఉందని ఇంటికి పోయినవారున్నారు.

ఇప్పుడు గురువారం సంగతి. నిరుడు బొక్కల డాక్టరు కుర్రాడికి ఎగరడం దూకడం మాన్పించి, చంకకర్రలిచ్చి, కాళ్ళు ఎడంగా జరిపే కసరత్తులు చెప్పాడు. మూడు నెలలకోసారి ఫిల్ము. మొన్నటి ఫిల్ము నేను కిటికీకి ఆనించాను. తెల్లని తల నిజంగానే ముక్కలైంది. తెలుపు మధ్య నల్లని చారలు.

"అమ్మా, ఇది పలగడం కాదు. చచ్చిన ఎముకను తొలగించడానికి కొత్త నెత్తురు లోపలికి వచ్చింది. ఆ నల్లటివి అది వచ్చిన దారులు."

ముసలమ్మ నమ్మలేదు. "మంచిగైతుంటే గింత అన్యాలంగ కనవడ్తదా?"

కనబడుతుంది. పాత గోడ కూల్చేటప్పుడు ఇల్లు ఎలా ఉంటుంది? అయితే ఆమెతో అక్కడితో ఆగలేదు, ఆగితే మోసం చేసినట్టు. ఇదే దశలో ఆ తల పచ్చికుండలా ఉంటుంది. తుంటి గిన్నెలో పూర్తిగా ఇమిడి ఉంటే, గిన్నె అచ్చుగా పనిచేసి గుండ్రంగా తీరుస్తుంది. గిన్నెలోంచి బయటికి జారితే, అంచు నొక్కి చొట్టపడుతుంది. ఆ చొట్ట మీదే కొత్త ఎముక గట్టిపడుతుంది, ఇక దాన్ని ఎవరూ గుండ్రం చేయలేరు. కుర్రాడి ఫిల్ములో తల వెలుపలి అంచు గిన్నె దాటి కొద్దిగా బయటికి వస్తున్నది. కిందటి ఫిల్ములో అది లేదు. రెండూ పక్కపక్కన పెట్టి ఆమె వేలు పట్టుకొని గీత గీయించాను. మణిపాల్‌లో డాక్టర్ బెంజమిన్ జోసెఫ్, ఆయన సహచరులు 610 మంది పిల్లల ఫిల్ములను మొదటినుంచి చివరిదాకా పరిశీలించి 2003లో ప్రకటించిన విషయం ఇదే: తల బయటికి జారడం ఈ ముక్కలయ్యే దశ ముదిరేటప్పటికి బాగా పెరుగుతుంది, కాబట్టి లోపలికి సర్దే పనేదో అంతకు ముందే జరగాలి.

ఆరేళ్ళలోపు పిల్లలకు చాలామందికి ఆపరేషను లేకుండానే బాగవుతుంది. పెరగడానికి వాళ్ళకు ఇంకా కాలం ఉంటుంది. వీడికి ఎనిమిది నిండాయి. తొడ ఎముకను పైన కోసి, కొద్దిగా వంచి, తల గిన్నెలో లోతుగా కూర్చునేలా పలకతో బిగిస్తారు. కాలు తీసేయడం కాదు. కొన్నాళ్ళు కాలు మోపకూడదు. కొత్త ఎముక పూర్తిగా నిండటానికి ఇంకో రెండు మూడేళ్ళు పట్టవచ్చు.

ఈ సందర్భంలో తల్లులకు కొన్ని మాటలు. ఎదిగే పిల్లల నొప్పులు రాత్రిపూట వస్తాయి, రెండు కాళ్ళలోనూ వస్తాయి, తెల్లవారితే పిల్లవాడు గంతులేస్తాడు. పగలు కుంటేవాడికి ఆ పేరు పెట్టకండి. జలుబు తర్వాత నాలుగు రోజులు కుంటి, వారం పది రోజుల్లో తగ్గిపోయే తుంటినొప్పి ఒకటుంది; తగ్గితే మంచిదే, తగ్గకపోతే ఫిల్ము. జ్వరంతో ఉండి కాలు అసలు కదపనివ్వకపోతే తెల్లారేదాకా ఆగకండి. కీలులో చీము చేరితే గంటల లెక్క. పన్నెండు, పదమూడేళ్ళ బొద్దుపిల్లలు మోకాలునొప్పితో కుంటితే అప్పుడూ తుంటి చూడాలి, అది పెరుగుదల పలక దగ్గర తల జారే వేరే జబ్బు. వాళ్ళను నడిపించకుండా తీసుకుపోవాలి. ఎక్కడ ఫోటో తీసినా "తుంటి కూడా పడిందా?" అని అడగండి. మొదటి ఫిల్ము బాగుందని చెప్పి, ఆరు వారాల తర్వాత కూడా కుంటుతూనే ఉంటే, మళ్ళీ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ముసలమ్మ రెండు ఫిల్ములనూ చాలాసేపు మార్చి మార్చి చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని, "కోడల్ని అడగకుంట వద్దన్న. గిప్పుడు పొయ్యి చెప్త" అంది. కొడుకు బాచుపల్లి మందుల ఫ్యాక్టరీలో రాత్రిపని ముగించుకొని వచ్చాక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారట. సాయంకాలం ఫోను వచ్చింది. వచ్చే శుక్రవారం చేరమన్నారు.

"మీరు గూడ రావాలె సారూ. ఆల్లు చెప్పేది నాకు సమజ్ కాదు."

వస్తానన్నాను.

ఆ పొద్దున మేమింత వాదించుకుంటుంటే కుర్రాడు మెట్ల మీద కూర్చుని దుండిగల్ అకాడమీనుంచి లేచే విమానాలను లెక్కపెడుతున్నాడు. వాళ్ళ నాయనమ్మ రమ్మంటే, తొమ్మిదోది ఇంకా రాలేదన్నాడు. అది వచ్చేదాకా ఇద్దరూ మా వరండాలోనే ఉన్నారు.

మట్టి తినే పిల్లల సంగతి పై వారం తప్పకుండా.